క్యారెట్ కూరకు గుడ్డ కప్పవలెను

ఇరవై ఏడేళ్ల సర్వీసులో నిన్నటి దాకా నేను సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. ఇది సిగ్గుపడి చెబుతున్న మాట కాదు. మొన్న ఉగాది దాకా గొప్పగానే చెప్పుకునేవాణ్ణి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం నేనే చెప్పేవాణ్ణి. "కాగితం మీద కలం పెట్టే ముందు పాత ఫైలు వెతకండి. పాత ఫైల్లో తప్పుంటే అది మన తప్పు కాదు. మనం సొంతంగా ఒప్పు రాసినా దానికి సంజాయిషీ మనమే ఇచ్చుకోవాలి" అనేవాణ్ణి. వాళ్లు నోటు పుస్తకాల్లో రాసుకునేవాళ్లు. నాకు కాఫీ కూడా ఇప్పించేవాళ్లు.

నా పేరు జోస్యుల భీమశంకరం. జిల్లా సముచితాహార ప్రోత్సాహక కార్యాలయంలో 'సి' సెక్షన్ సూపరింటెండెంటుగా చేసేవాణ్ణి. ఆ కార్యాలయం ఏం చేస్తుందని మాత్రం అడక్కండి. దాని వార్షిక నివేదిక పదమూడేళ్లు నేనే తయారుచేశాను, అయినా నాకు తెలియదు.

ఉగాది ఇంకా రెండు వారాలుందనగా మా ఉప సంచాలకులు ప్రద్యుమ్న గారు రాజధానిలో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. ఆయన శిక్షణకి వెళ్తే మాకు బెంగ ఉండదు. తిరిగొస్తేనే బెంగ. కిందటిసారి నవ్వు ఆరోగ్యానికి మంచిదని విని వచ్చి, నాలుగు నెలలపాటు ప్రతి ఉదయం పదిన్నరకి మా అందరినీ వరండాలో నిలబెట్టి నవ్వించారు. ఆ నాలుగు నెలల్లో మా అకౌంటెంటుకి నడుము పట్టేసింది.

ఈసారి ఆయన గదిలోకి వెళ్లేసరికి ఫోను చూస్తూ చిరునవ్వుతో ఉన్నారు.

"శంకరం గారూ, వసంతం వచ్చేసింది" అన్నారు.

కిటికీలోంచి చూశాను. మా ఊళ్లో వసంతమంటే దుప్పటి మడతపెట్టిన రోజుకీ, ఫ్యాను అయిదో నంబరుకి తిప్పిన రోజుకీ మధ్యలో ఉండే పది పదిహేను రోజులు. అవి అయిపోయి వారమైంది. బయట సైకిల్ స్టాండు రేకు ఎండకి టపటపమంటోంది.

"వచ్చేసిందండీ" అన్నాను. పై అధికారి వచ్చిందంటే వచ్చినట్టే.

"వసంతకాల భోజనాలకు సులభమైన క్యారెట్ సైడ్ డిష్‌ల గురించి చదువుతున్నాను. సులభమైన అన్న మాట చూశారా? అందులో ఒక దార్శనికత ఉంది. నైపుణ్యాధారిత వ్యవస్థ నుంచి సరళీకృత వ్యవస్థకి పరివర్తన చెందడమే నేటి తక్షణావసరం. ఈ జిల్లాలో మన పరిధిలోని ప్రతి క్యాంటీన్లోనూ రోజుకో సులభ క్యారెట్ సైడ్ డిష్ ఉండి తీరాలి. సైడ్ డిష్‌ని తెలుగులో ఏమంటారు?"

"ఆదరువు అంటారండీ."

"ఆహా! సులభ క్యారెట్ ఆదరువు. సాయంత్రం నాలుగింటికి సర్క్యులరు నా బల్ల మీద ఉండాలి. సమగ్రంగా, ఎక్కడా సందు లేకుండా."

సరేనని రికార్డు రూముకి వెళ్లాను. క్యారెట్ మీద ఫైలు లేదు. కూరగాయల మీద లేదు. వసంతం మీద ఒకటి కనబడింది గానీ అది వసంతకుమారి అనే టైపిస్టు సెలవు తాలూకు. రెండున్నర దాకా దుమ్ము మింగి, చివరికి కింది అరలో ఒక ఫైలు పట్టుకున్నాను. దాని అట్ట మీద ఇలా ఉంది: "సులభ సైక్లోస్టైల్ యంత్రము - కార్యాలయములందు ప్రవేశపెట్టుట - నిర్వహణ నిబంధనలు."

ఈ కాలం వాళ్లకి సైక్లోస్టైల్ యంత్రం తెలియకపోవచ్చు. ఫోటోకాపీలు రాకముందు మైనపు కాగితం మీద టైపు కొట్టి, ఆ యంత్రానికి తగిలించి, రోలరుకి సిరా పూసి, హ్యాండిల్ తిప్పితే కాపీలు వచ్చేవి. తిప్పినవాడి మోచేతుల దాకా నల్లగా అయ్యేది. ఆ యంత్రం ఎలా వాడాలో చెప్పే పన్నెండు నిబంధనలు ఆ ఫైల్లో వరసగా ఉన్నాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు తయారైన ఫైలు అది. దాని తాలూకు దారం ముడి కూడా నేను వేసిందే.

నాకు కావలసిన "సులభ" దొరికింది, "ప్రవేశపెట్టుట" దొరికింది, "నిర్వహణ" దొరికింది. ఇంకేం కావాలి? సీటుకొచ్చి టైపు కొట్టడం మొదలుపెట్టాను. యంత్రం అని ఉన్నచోటల్లా నా వేళ్లు క్యారెట్ ఆదరువు అని కొట్టుకుపోయాయి. సిరా ఉన్నచోట నూనె అని మార్చాను. అదొక్కటే నా సొంత తెలివి. మనసు మాత్రం తప్పిపోయిన మధ్యాహ్నం కునుకు మీద ఉంది. నాలుగింటికి అయిదు నిమిషాలుండగా సర్క్యులరు ఆయన బల్ల మీద పెట్టాను.

ప్రద్యుమ్న గారు నిబంధనలెన్నో లెక్కపెట్టారు. పన్నెండు అయ్యాయి.

"శంకరం గారూ, ఇంత లోతుగా ఆలోచించారంటే నమ్మలేకపోతున్నాను" అని సంతకం పెట్టారు.

నేను ఆ పొగడ్తని ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడ సుభద్రకి చెప్పాను.

ఉగాది మర్నాటి నుంచి అమలు. మా ఆఫీసు క్యాంటీన్లో పదకొండేళ్లుగా వంట చేస్తున్న మనిషి నూకరత్నం. కాంట్రాక్టు ఉద్యోగం. అరవై మందికి ఒక్కతే వండుతుంది. క్యారెట్ ఆవిడకి కొత్త కాదు. క్యారెట్, పెసరపప్పు వేసి పొడికూర చేసేది. ఈ రోజుల్లో అయితే దాని మీద పచ్చి మామిడికాయ తురుము చల్లేది. ఆ కూరున్న రోజున, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్నవాళ్లు కూడా గిన్నె పట్టుకుని వరసలో నిలబడేవాళ్లు.

సర్క్యులరు చదివి వినిపించే పని నాకే పడింది. నూకరత్నం కత్తిపీట పక్కన పెట్టి వింది.

"'రెండు. ఆదరువును చెమ్మ తగలని చోట, కదలని బల్లపై అమర్చవలెను. మూడు. సాయంత్రము అయిదు గంటలకు కార్యాలయము మూయు వేళ ఆదరువుపై శుభ్రమైన గుడ్డ కప్పవలెను.'"

"బాబూ, మజ్జానం రెండింటికే కూర అయిపోతాది. అయిదింటికి దేని మీద కప్పమంటారు గుడ్డ?"

 రోజూ ఒక గరిటెడు కూర గుడ్డ కప్పడం కోసం మిగల్చాలని ఉత్తర్వు ఇచ్చాను. ఆ గరిటెడు కూరకి చీమలు పట్టకుండా చూడడానికి అటెండరుని కాపలా పెట్టాం.

నాలుగో నిబంధన ప్రకారం రిజిస్టరు పెట్టాం. మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, తీసిన కాపీల సంఖ్య, విశేషములు. కాపీలు అన్నచోట నూకరత్నం ఎంతమంది తిన్నారో వేయించేది. ఏడో నిబంధన దగ్గర కొంచెం కష్టమైంది. నెలకోసారి ఆదరువును పూర్తిగా విడదీసి, శుభ్రపరచి, తిరిగి బిగించాలి. ప్రద్యుమ్న గారు నెలదాకా ఆగలేక మొదటి వారమే చేయించారు. ముగ్గురు గుమాస్తాలు కూర్చుని క్యారెట్ తురుము ఒక పళ్లెంలో, పెసరపప్పు ఒకదాంట్లో, కరివేపాకు ఒకదాంట్లో వేరుచేశారు. విడదీసినప్పుడు ఆవాలు నూట పన్నెండు. తిరిగి బిగించేటప్పుడు నూట ఎనిమిదే ఉన్నాయి. కనబడని నాలుగు ఆవాల మీద ముగ్గురికీ మెమోలు వెళ్లాయి. ఆ మెమోలు రాసింది నేనే.

మండలాల నుంచి సందేహాలు రావడం మొదలైంది. ఒక చోట నుంచి ఇలా వచ్చింది: "నిబంధన 8 ప్రకారము హ్యాండిల్ ఎల్లప్పుడు కుడివైపు ఉండవలెను. మా ఆదరువునకు హ్యాండిల్ లేదు. తగు ఆదేశములు కోరడమైనది." నేను, "నిబంధన 8 జాగ్రత్తగా చదువుడు" అని జవాబిచ్చాను. వారం తిరిగేసరికి వాళ్ల దగ్గర్నుంచి మళ్లీ ఉత్తరం. "జాగ్రత్తగా చదివితిమి. గరిటెను కుడివైపు గుచ్చితిమి." ఆ మండలానికి ప్రశంసాపత్రం వెళ్లింది.

ఇంత జరిగినా నాకు అనుమానం రాలేదు. పాత ఫైలు మీద అంత నమ్మకం. అసలు ఆ సర్క్యులరుని ఆ చివర నుంచి ఈ చివరకి నేనొక్కసారైనా మనసు పెట్టి చదవలేదన్న సంగతి ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇక తొమ్మిదో నిబంధన. సదరు ఆదరువు నిజంగా సులభమేనని రుజువు చేయడానికి, ఆ పని ఏమాత్రం తెలియని ఉద్యోగి చేత, కమిటీ ఎదుట, పావుగంటలో చేయించి చూడాలి. అలా రుజువు కాకపోతే పదో నిబంధన. ఆదరువునూ, దాన్ని నడిపే ఆపరేటరునూ కూడా తొలగించాలి.

ప్రద్యుమ్న గారు సిబ్బంది సమావేశం పెట్టారు.

"మనకొక ప్రామాణిక అనభిజ్ఞుడు కావాలి. వంటకి సంబంధించి సంపూర్ణమైన, కల్తీలేని అజ్ఞానం ఉన్న వ్యక్తి" అన్నారు.

మగవాళ్లంతా చేతులెత్తారు. మా సెక్షన్లో శ్రావణి అనే అమ్మాయి కూడా ఎత్తింది గానీ, ఆడవాళ్లకి వంట రాదంటే ఆడిట్ వాళ్లు నమ్మరని ఆ అమ్మాయిని కూర్చోబెట్టారు. మిగిలినవాళ్లం ఇంటి నుంచి ధ్రువపత్రం తేవాలన్నారు.

సుభద్ర నా ధ్రువపత్రాన్ని వరండాలో కూర్చుని అయిదు నిమిషాల్లో రాసేసింది. ఏ ఫైలూ చూడలేదు.

"మా ఆయనకి వంట రాదు. స్టవ్ వెలిగించడం వచ్చు గానీ ఆపడం గుర్తుండదు. పెళ్లయిన కొత్తలో నాకు జ్వరమొస్తే గంజి కాస్తానని వంటింట్లోకి వెళ్లారు. బియ్యం ఎక్కడున్నాయో, గిన్నె ఎక్కడుందో అడగడానికి ఏడుసార్లు నా మంచం దగ్గరికి వచ్చారు. ఎనిమిదోసారి నేనే లేచాను. ఆ గంజి ఇంతవరకూ రాలేదు. ఇది నిజం."

ప్రద్యుమ్న గారు అది రెండుసార్లు చదివి, లేచి నాతో చెయ్యి కలిపారు. పోటీకి వచ్చిన మిగతా పదకొండుమంది నా వంక అదోలా చూశారు. జిల్లా ప్రామాణిక అనభిజ్ఞుడిగా నన్ను నియమిస్తూ ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. పరీక్ష పది రోజుల్లో. అంతవరకూ నా అజ్ఞానం చెడిపోకుండా ఉండడానికి నేను ఏ వంటింట్లోనూ అడుగు పెట్టకూడదు.

ఆ సంగతి చెబితే సుభద్ర, "ఇంతకు ముందు పెట్టేవారా ఏంటి?" అంది. ఉత్తర్వు కాపీ అడిగి తీసుకుని ఫ్రిజ్ మీద అతికించింది. నా మంచినీళ్ల చెంబు తెచ్చి వంటింటి గుమ్మం ఇవతల పెట్టింది.

మర్నాడు నూకరత్నం నా సీటు దగ్గరికొచ్చింది. పదకొండేళ్లలో ఆవిడ క్యాంటీన్ దాటి మా సెక్షన్లోకి రావడం అదే మొదటిసారి.

"బాబూ, మీకు వొంట వొచ్చేటి?"

"రాదు. రాదనే కదా నన్ను పెట్టారు."

"మీకు రాపోతే నన్ను తీసేస్తారంట. నా సేతి వొంటకి మీరు పరీచ్చ రాయడమేటి బాబూ? ఇదెక్కడి సోద్యం? నా కోడలు కాన్పుకొచ్చి ఇంట్లో ఉంది, ఆయనకి పక్షవాతమొచ్చి మంచం దిగడు. ఈ పొయ్యి ఉంది గావట్టి మా ఇంట్లో పొయ్యి ఎలుగుతోంది."

జవాబు కోసం రూలు పుస్తకం తిరగేశాను. అందులో లేదు. ఆవిడే కొంగు బిగించి, "మూడింటికి గిన్నెలు కడిగేసి తలుపేసేస్తాను. దొడ్డి గుమ్మం తీసుంటాది. రండి. నాను నేర్పుతాను" అంది.

వెళ్లాను. ఉత్తర్వుని ధిక్కరించడం సర్వీసులో నాకదే మొదలు. మొదటి రోజు రెండు క్యారెట్లు తురమడానికి గంటంబావు పట్టింది. ఆ తురుములో కొంత నా బొటనవేలు. రెండో రోజు నూనె కాగకముందే ఆవాలు వేశాను. అవి గిన్నె అడుగున కదలకుండా కూర్చున్నాయి. మూడో రోజు నూనె బాగా కాగింది, ఆవాలు నా చొక్కా మీదకొచ్చాయి.

"ఆటితో తొందర పడకండి బాబూ. సిటపటమని ఊరుకున్నాక, అప్పుడు ఎండుమిర్చి, అప్పుడు కరేపాకు. నానబెట్టిన పెసరపప్పు నీరోడ్చి, క్యారెట్ తురుముతో ఎయ్యండి. మూత పెట్టండి. మూత తీసి సూడకండి మాటిమాటికీ. అదేటి ఫైలా?"

"ఉప్పు ఎంత వెయ్యాలి?"

"సరిపడ."

"సరిపడ అంటే ఎంత? దానికేదైనా పాత నమూనా..."

"కూసింత నాలిక మీద ఏసుకోండి. నమూనా మీ నోట్లోనే ఉంది."

నేను వేసుకున్నాను. తక్కువైందని నాకే తెలిసింది. ఇంకాస్త వేసి మళ్లీ చూశాను. ఒక సంగతి ఎవరినీ అడక్కుండా, ఎక్కడా వెతక్కుండా నాకు నేనే తేల్చుకోవడం ఎలా ఉంటుందో యాభై నాలుగేళ్ల వయసులో ఆ క్యాంటీన్ వెనకాల తెలిసింది. నవ్వకండి, నాకు కళ్లు చెమర్చాయి. పోపు ఘాటు కూడా కొంత కారణం.

ఎనిమిదో రోజు కూర కుదిరింది. దించేశాక పైన మామిడికాయ తురుము వేసి కలిపి ఆవిడకి పెట్టాను. నూకరత్నం తింది. మళ్లీ కాస్త పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని, "నా ఉజ్జోగం నిలబడినట్టే బాబూ" అని నాకు దణ్ణం పెట్టింది. ఇరవై ఏడేళ్లలో నేను చేసిన పని వల్ల ఒక మనిషి మొహం అలా వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

పరీక్షకి ముందు రోజు కమిటీ సభ్యుల కోసం సర్క్యులరు కాపీలు తీయించి, సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఆ రోజు మొట్టమొదటిసారి దాన్ని చివరంటా చదివాను.

"11. పై పరీక్షయందు ఆదరువు సులభమని తేలినచో, సాధారణ ఉద్యోగులే దానిని నడుపగలరు గనుక ఆపరేటరు పోస్టు అనవసరమగును. సదరు పోస్టును మూడు దినములలో రద్దు చేయవలెను."

కింద పన్నెండోది కూడా ఉంది. పరీక్షలో నెగ్గిన ఉద్యోగి తన విధులకు అదనంగా ఆదరువు బాధ్యత తీసుకోవాలి.

 ఓడితే పదో నిబంధన కింద నూకరత్నం ఇంటికి. గెలిస్తే పదకొండో నిబంధన కింద నూకరత్నం ఇంటికి. సైక్లోస్టైల్ యంత్రం తిప్పేవాడి కోసం ఎప్పుడో ఎవరో రాసిన మాట, నా వేళ్ల మీదుగా వచ్చి ఆవిడ పొయ్యి మీద పడింది.

ప్రద్యుమ్న గారి గదికి పరిగెత్తాను.

"అయ్యా, పదకొండో నిబంధన పొరపాటుగా పడిందండీ. తీసేద్దాం."

"తీసేయడమా? శంకరం గారూ, ఈ సర్క్యులరుకి ఆత్మే అది! సరళీకరణ ద్వారా సిబ్బంది హేతుబద్ధీకరణ. రాజధానిలో చదివి పులకించిపోయారు. మిగతా జిల్లాలకి కూడా పంపేశారు. ఇంత గొప్ప ఆలోచన చేసి మీరింత వినయంగా ఉంటే ఎలా?"

అక్కడే చెప్పెయ్యాల్సింది. అయ్యా, నేను ఆలోచన చేయలేదు, అది పాత యంత్రం ఫైలు, చూసి రాశాను, అని మూడు ముక్కల్లో అయిపోయేది. కానీ నాకు అంత పేరుంది. నా డ్రాఫ్టు మీద అధికారులు కళ్లు మూసుకుని సంతకం పెడతారు. ఆ పేరు పోగొట్టుకోవడానికి నోరు రాలేదు. "చిత్తమండీ" అని బయటికొచ్చాను. నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

పరీక్ష రోజు ఉదయం నూకరత్నం తన పక్కింటివాళ్ల చెట్టు నుంచి మంచి పుల్లటి మామిడికాయ ఒకటి అడిగి తెచ్చింది. "ఇది మీకోసమే బాబూ. బజారువి అంత బావుండవు" అని నా చేతిలో పెట్టింది. ఆవిడ మొహంలోకి చూడలేక దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాను.

కమిటీ కూర్చుంది. ప్రద్యుమ్న గారు అధ్యక్షులు. సాంకేతిక సభ్యుడు ఇస్మాయిల్. నిబంధనలో "మెకానిక్కు ఒకరు" అని ఉంది కాబట్టి పక్క వర్క్‌షాపు నుంచి ఆయన్ని పిలిపించాం. ముప్ఫయ్యేళ్లుగా పంపుసెట్లూ జనరేటర్లూ బాగుచేసే మనిషి. స్క్రూడ్రైవరు, స్పానర్ల సంచీ పక్కన పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

గడియారం మొదలైంది. నాకు ఓడిపోదామని ఉంది, గెలుద్దామని ఉంది, రెండూ ఒకటే. కానీ చేతులు నా మాట వినలేదు. అవి నేర్చుకున్న పని అవి చేసుకుపోయాయి. ఆవాలు చిటపటమని ఊరుకునేదాకా ఆగాను. మూత మాటిమాటికీ తియ్యలేదు. ఉప్పు నాలిక మీద వేసుకుని చూసుకున్నాను. పన్నెండున్నర నిమిషాలకి మామిడి తురుము కలిపి బల్ల మీద పెట్టాను.

ప్రద్యుమ్న గారు ఒక ముద్ద తిని, రెండో ముద్ద తిని, పళ్లెం ఖాళీ చేశారు. ఇస్మాయిల్ వేళ్లు నాక్కున్నాడు. శ్రావణి వాళ్లంతా చప్పట్లు కొట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ నూకరత్నం అందరికంటే గట్టిగా కొట్టింది.

ప్రద్యుమ్న గారు లేచారు.

"ఇది చరిత్రాత్మక దినం. సంపూర్ణ అజ్ఞాని సైతం పావుగంటలో చేయగలిగిన ఈ ఆదరువు నిస్సందేహంగా సులభం. కావున నిబంధన పదకొండు ప్రకారం ఆపరేటరు పోస్టు, అనగా వంటమనిషి పోస్టు, సోమవారం నుంచి రద్దు. నూకరత్నం గారి సేవలకి కార్యాలయం కృతజ్ఞతలు తెలుపుతోంది."

మళ్లీ చప్పట్లు. నూకరత్నం కూడా రెండు దెబ్బలు కొట్టి ఆగింది. "రద్దంటే ఏటి బాబూ?" అని పక్కనున్న అటెండరుని అడిగింది. వాడు తల దించుకున్నాడు. ఆవిడ నా వంక చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా నడిచి వచ్చి, నా వెనకాల ఇంకా మండుతున్న స్టవ్ ఆపేసింది. ఆపడం నేను మర్చిపోయాను.

అప్పుడింక నా వల్ల కాలేదు.

"అయ్యా, పరీక్ష చెల్లదు. నాకు వంట వచ్చు. ఈవిడే ఎనిమిది రోజులు నేర్పింది" అన్నాను.

ప్రద్యుమ్న గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అంటే అజ్ఞానంలో కల్తీ జరిగిందా? అయితే రుజువు కానట్టే. నిబంధన పది. తొలగింపు."

"అది కూడా చెల్లదండీ. ఒక్క నిమిషం" అని రికార్డు రూముకి వెళ్లాను. ఫైలు తెచ్చి ఆయన ముందు విప్పి పెట్టాను. "ఈ సర్క్యులరు నేను ఆలోచించి రాసింది కాదు. ఇందులోంచి దింపాను. యంత్రం తీసి కూర పెట్టాను. సిరా తీసి నూనె పెట్టాను. చదవను కూడా లేదు."

 ప్రద్యుమ్న గారు పేజీలు తిప్పుతున్నారు. గుడ్డ కప్పుట, విడదీసి బిగించుట, హ్యాండిల్ కుడివైపు. ఒక్కో దాని దగ్గరా ఆయన చెవులు ఇంకాస్త ఎర్రబడుతున్నాయి.

ఇస్మాయిల్ గొంతు సవరించుకున్నాడు. "నాకు మొదటి రోజే డౌటొచ్చింది సార్. క్యారెట్ కూరకి రోలర్ అరిగిందేమో చూడమని లెటరొచ్చింది. పెద్ద ఆఫీసు కదా, ఉంటుందేమో అనుకున్నా."

సర్క్యులరు వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇతర జిల్లాల్లో అప్పటికే గరిటెలు కుడివైపు గుచ్చేశారు. ప్రద్యుమ్న గారు చెమట తుడుచుకుంటూ ఆఖరి కాగితం దాకా వెళ్లి ఆగారు. అది ఆ రోజుల్లో సైక్లోస్టైల్ ఆపరేటరు పోస్టు రద్దు చేయమని పై ఆఫీసుకి రాసిన ఉత్తరం. తేదీ లేదు, నంబరు లేదు. అసలు పంపనే లేదు. మూల మీద దాన్ని పంపవలసిన గుమాస్తా పొట్టి సంతకం ఉంది. అది నాదే.

"అంటే," అన్నారాయన మెల్లగా, "ఈ పోస్టు ఇరవై ఏడేళ్లుగా రద్దు కాలేదు."

"లేదండీ. మర్చిపోయాను."

"ఖాళీగా ఉంది."

"అవునండీ."

ఆయన ఫైలు టప్పున మూశారు. "అయితే ఇది రద్దు కాదు శంకరం గారూ. పునర్నియోజనం! వంటమనిషి పోస్టు పోయింది, ఆపరేటరు పోస్టులోకి నూకరత్నం గారు వచ్చారు. హేతుబద్ధీకరణ సంపూర్ణం" అన్నారు. ఇంకోసారి చప్పట్లు కొట్టించారు. నా సర్వీసంతటిలో ఒక మనిషికి పనికొచ్చినది ఏమైనా ఉందంటే, అది ఆనాడు పంపడం మర్చిపోయిన ఆ ఉత్తరమే.

ఇప్పుడు నూకరత్నం మా ఆఫీసు సైక్లోస్టైల్ యంత్రం ఆపరేటరు. యంత్రం ఎప్పుడో పాత ఇనుముకి పోయింది. నెలకోసారి "యంత్రము ఇంకను రాలేదు" అన్న కాగితం మీద ఆవిడ వేలిముద్ర వేస్తుంది. అది వచ్చేదాకా ఆవిడ సేవల్ని క్యాంటీన్లో వాడుకోమన్నారు. నాకు రెండు మెమోలు వచ్చాయి, ఒకటి నకలు దించినందుకు, ఒకటి అజ్ఞానం పోగొట్టుకున్నందుకు. 'సి' సెక్షన్ సీటు పోయింది. పన్నెండో నిబంధన ప్రకారం క్యారెట్ ఆదరువు బాధ్యత మాత్రం నా మెడకే పడింది. రోజూ పదింటికి వచ్చి ఆరు కిలోలు తురుముతాను. నూకరత్నం స్టూలు వేసుకుని కూర్చుని, "సన్నగా బాబూ, సన్నగా" అంటూ ఉంటుంది. ఇంటి దగ్గర ఫ్రిజ్ మీద ఉత్తర్వు చింపేశాను. సుభద్రకి జ్వరం రాలేదు గానీ, ఊరికే గంజి కాచి ఇచ్చాను. "ముప్ఫయ్యేళ్లు లేటు" అంది. మొత్తం తాగేసింది.

నిన్న కూర బాగా రాలేదు. తిన్నవాళ్లు పైకి అనలేదు గానీ, మారు అడిగినవాళ్లు లేరు. సాయంత్రం రిజిస్టరు ముందేసుకున్నాను. మొదలుపెట్టిన సమయం రాశాను, ఆపిన సమయం రాశాను, కాపీలు అరవై రెండు. విశేషముల గడి ఖాళీగా ఉంది. ఇలాంటప్పుడు ఏం రాస్తారో చూద్దామని అలవాటు కొద్దీ రికార్డు రూము వైపు లేచాను. రెండడుగులు వేసి వెనక్కొచ్చి కూర్చున్నాను. కలం తీసి, ఏమీ చూడకుండా రాశాను.

"ఈరోజు ఉప్పు తక్కువైంది. తప్పు నాదే."

"ఏటి రాసినారు బాబూ?" అంది నూకరత్నం.

చదివి వినిపించాను.

"అంతేనేటి! దానికింత సేపా?" అని ఆవిడ గిన్నెలు సర్దుకుంది. "రేపు రుచి సూసి ఎయ్యండి."

అయిదు కొట్టింది. నేను లేచి, మిగిల్చిన గరిటెడు కూర మీద గుడ్డ కప్పాను.